ఎడమ స్టీరింగు కారు కోసం వికారాబాద్ నుంచి తాండూరు దాకా

మోసం చేసింది వికారాబాద్‌లో కొట్టు తెరిచిన ఒక ఏజెంటు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చేవాళ్లకు కాగితాలన్నీ తానే చేసిపెడతానంటాడు. మా మేనమామ నర్సింలు మస్కట్‌లో పదకొండేళ్లు డ్రైవరుగా పనిచేసి ఈ మధ్యే ఇల్లు చేరాడు. అక్కడుండిపోయిన ఆయన సొంత కారును ఇండియాకు తెప్పిస్తానని నమ్మించి, దాని అసలు రిజిస్ట్రేషన్ కార్డును ఏజెంటు తన సొరుగులో పెట్టుకున్నాడు. ఇందులో నా తప్పూ ఉంది. విదేశం నుంచి మకాం మార్చి వచ్చేవాళ్లు ఇంటి సామాను తెచ్చుకోవచ్చని ఒక కరపత్రంలో చదివి, "కారు సామాను కాదా? అది నీ హక్కు మామా" అని ఎగదోసింది నేనే. రెండో పేజీ తిప్పి చూడలేదు.

నెలాఖరుకు ఆ కారు రిజిస్ట్రేషన్ గడువు తీరుతుంది. ఆలోపు ఓడ ఎక్కించాలి, లేదంటే అక్కడే అమ్మేయాలి. అమ్మే మాట ఎత్తితే మామ లేచి బయటికి వెళ్లిపోతాడు. అసలు సంగతి తేల్చుకుందామని గురువారం పొద్దున ఆరున్నరకు ఇద్దరం బొంరాస్‌పేటలో బస్సెక్కాం. పరిగిలో మారి వికారాబాద్ చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. ఇద్దరి టికెట్లకూ కలిపి నూట యాభైకి అటూ ఇటూ అయింది. ఇడ్లీ తిని, రెండు చాయ్‌లు తాగి, పదింటికల్లా రవాణా కార్యాలయం ముందు వరుసలో నిలబడ్డాం. మీరు వెళ్లాల్సి వస్తే ఇంకాస్త ముందే వెళ్లండి, మాకప్పటికే పద్నాలుగు మంది ముందున్నారు.

కిటికీ అవతల కూర్చున్న ఆమె, మామ చెప్పిందంతా విని, రెండే ప్రశ్నలు అడిగింది.

"స్టీరింగు ఏ పక్కకున్నదన్నా?"

"ఎడమ పక్కమ్మా."

"బండి తయారై ఎన్నేండ్లాయె?"

"తొమ్మిది."

ఆమె పెన్ను మూత పెట్టేసింది. "గది మా దాంక రానే రాదన్నా. ఓడరేవులనే ఆపుతరు." పాత కారు తెచ్చుకోవాలంటే స్టీరింగు కుడివైపు ఉండాలట. తయారై మూడేళ్లు దాటకూడదట. ముంబయి రేవులోనే దించాలట. ఇవన్నీ కుదిరినా, కట్టాల్సిన సుంకం కారు విలువనే మించిపోతుందట. నాకు రక్తం మరిగింది. చెమటోడ్చి కొనుక్కున్న బండిని ఇంటికి తెచ్చుకునే హక్కు కూలివాడికి లేదా, ఈ నిబంధనలు ఎవరి కోసం రాశారు అని గట్టిగానే అడిగాను.

"తమ్మీ," అందామె, "నువ్వు నా మీద లొల్లి పెడితె స్టీరింగు గీ పక్కకొస్తదా?"

వరుసంతా నవ్వింది. మామ నా చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చాడు. అయినా ఆయనకింకా ఆశ చావలేదు. "తాండూర్ల గిట్లాంటిదే ఒకటున్నదట అల్లుడా. రాతిపాలిషు ఫ్యాక్టరీల. ఏజెంటు సూసి రమ్మని అడ్రసు గూడ ఇచ్చిండు. మరి గది ఎట్లొచ్చింది?"

అదీ చూసే వద్దామనుకున్నాం. పన్నెండు దాటాక ప్యాసింజరు రైలెక్కాం. తాండూరుకు ముప్పావు గంట. టికెట్టు బస్సుకన్నా బాగా తక్కువ, కూర్చోవడానికీ చోటు దొరికింది. ధారూరు దాటాక కంది చేలు పూత మీద పచ్చగా ఉన్నాయి. మామ వాటిని చూస్తూ, నేనేమీ అడగకుండానే మొదలుపెట్టాడు.

"రూంల ఎనిమిది మందిమి అల్లుడా. మంచం మీద మంచం. ఒకడు పండుకుంటె ఒకడు లేస్తడు, ఒకడు వండుతడు, ఒకడు ఫోన్ల కొట్లాడుతడు. నేనొక్కన్నే ఉండేది గా కారులనే. డ్యూటీ అయినంక సముద్రం కాడ ఆపి, అద్దాలెక్కిచ్చి బిడ్డకు ఫోను చేసెటోన్ని. ఏడ్చుడు గూడ గండ్లనే. గది కారు గాదురా, నా ఒక్కని రూం, నా అర్ర."

ఆయన మళ్లీ కిటికీ వైపు తిరిగాడు.

ఫోనులో సంగతంతా విన్న మామ కూతురు లావణ్య స్టేషన్ బయట మా కోసం నిలబడి ఉంది. తాండూరులోనే డిగ్రీ చదువుతోంది. "ఏం బావా, నీ కరపత్రంల స్టీరింగు ముచ్చట రాయలేదా?" అని మొదటి మాటలోనే చురక వేసింది. తలా ఇరవై రూపాయలకు షేర్ ఆటోలో ఫ్యాక్టరీ దగ్గర దిగాం. బండలు కోసే రంపాల హోరు, తెల్లటి బురద. యజమాని పనివాళ్లతో కన్నడంలో ఏదో చెప్పి, మమ్మల్ని వెనక షెడ్డులోకి తీసుకెళ్లి, కప్పి ఉన్న తాడిపత్రి పట్టా లాగాడు. నిజంగానే ఎడమ స్టీరింగు కారు. దుమ్ము కింద తెలుపు రంగు.

"మా బామ్మర్ది ఆర్నెల్లల్ల వాపస్ తీస్కపోతనని కస్టమ్సోళ్లకు రాసిచ్చి గల్ఫ్ నుంచి తెచ్చిండు. తీస్కపోలె," అన్నాడు యజమాని. "గేటు దాటిస్తె గుంజుకపోతరని గిట్లనే పండవెట్టిన. మీ ఏజెంటు మందిని పంపుడు గిది నాలుగోసారి. కావాల్నంటె మీరే కొనుక్కోండ్రి. బార్డర్ అవతలి నంబరు తగిలిచ్చుకుంటె ఎవడడుగుతడు?"

నేను నోరు తెరిచేలోపే మామ అడ్డొచ్చాడు. "జర ఆగు అల్లుడా. దొంగ నంబరు మనకొద్దు. సేటూ, ఒక్కసారి కూసోని దిగుత."

ఎడమవైపు తలుపు తీసి కూర్చున్నాడు. చెయ్యి దానంతటదే గేరు మీదికి పోయింది. లావణ్య చుట్టూ తిరిగొచ్చి కుడివైపు సీట్లో కూర్చుంది. ఏళ్ల తరబడి ఆ పిల్ల తండ్రిని ఫోనులో చూసింది ఇలాంటి సీట్లోనే, ఎదురుగా, నాలుగంగుళాల ముఖంగా. ఇప్పుడు తల తిప్పి చాలాసేపు చూసింది.

"నాయినా, నిన్ను పక్క నుంచి ఎన్నడు సూడలె. చెవుల కాడ గింత నెరిసిందా?"

మామ అద్దం ఎక్కించబోయాడు, బ్యాటరీ లేక అది కదల్లేదు. అలాగే పది నిమిషాలు కూర్చుని, అక్కడి నుంచే మస్కట్‌లో ఉన్న రూమ్మేటు యాదయ్యకు ఫోను కలిపాడు.

"యాదయ్యా, బండి అమ్మెయ్యి. ధర నీ ఇష్టం. కని ఒక్క మాట. రూంల ఉండెటోనికే అమ్ము. సొంత ఇల్లున్నోనికి అమ్మకు."

అమ్మాలంటే అసలు కార్డు పంపాలని యాదయ్య అన్నాడు. ఆ కార్డు ఏజెంటు సొరుగులో ఉంది.

సాయంత్రం కొడంగల్ మీదుగా బస్సులో తిరిగొచ్చాం. మనం పరాయిదేశంలో ఏళ్లకేళ్లు బతికి ఏం తెచ్చుకుంటామో కస్టమ్స్ పట్టికలో రాసి ఉంటుంది. ఏం వదిలేసి వస్తామో ఎవరూ రాయరు. నా కోపం ఆ నిబంధనల మీద ఇంకా తగ్గలేదు. కానీ అవి కనీసం అచ్చులో ఉన్నాయి, చదువుకోవచ్చు. అవి తెలిసీ ఒక మనిషి ఆశను అమ్ముకున్నవాణ్ని మాత్రం క్షమించలేను. కారుతో రావాలనుకునేవాళ్లకు ఒక్క సలహా: ఎవరినైనా కలిసే ముందు స్టీరింగు ఏ వైపుందో, తయారై ఎన్నేళ్లయిందో చూసుకుని, కస్టమ్స్ వాళ్ల తాజా నిబంధన చివరిదాకా చదవండి. అసలు కాగితం ఎవరి చేతికీ ఇవ్వకండి.

ఆ ఏజెంటుకు ఇప్పటికే ఇచ్చినవాళ్లు సోమవారం పొద్దున పది గంటలకు వికారాబాద్ బస్టాండు గేటు దగ్గరికి రండి. రసీదు ఉంటే పట్టుకురండి, లేకున్నా రండి. అక్కడి నుంచి కొట్టు దగ్గరికి కలిసే వెళ్దాం. ఆ ఏజెంటు పదిన్నరకు షట్టరు ఎత్తుతాడు. ఎత్తేసరికి ఎదురుగా మనమంతా నిలబడి ఉండాలి.