ఆదెమ్మ అడవిమొగ్గల ఐసు

సింగపూరంతా ఆదెమ్మను ఆంటీ అనే పిలిచింది. తువాస్ ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఇరవై రెండేళ్ళు వండిపెట్టినా అంతే, టాంపినీస్‌లో తన ఫ్లాటుకి లిఫ్టు ఎక్కినా అంతే. తాతల కాలంలో వలసవెళ్ళిన తెలుగువాళ్ళకు మలేసియా కొబ్బరితోటల్లో పుట్టి, పెళ్ళయ్యాక ఇటు దిగిన ఈ మనిషికి అరవై దాటాక ఒక కోరిక పట్టుకుంది. తన పేరు ఒక్కసారైనా బోర్డు మీద చూసుకోవాలి!

దానికి దారి చూపించింది బుంగాకంటాన్. అడవి అల్లానికి పూసే ఎర్రమొగ్గ అది. ఇక్కడివాళ్ళు సన్నగా తరిగి కూరల్లో వేస్తారు. ఆదెమ్మ దాన్ని కొబ్బరిపాలలో వేసి, మలక్కా బెల్లం కలిపి ఐస్‌క్రీం చేసింది. అది తిన్న కేశవ్ కప్పు కూడా నాకేశాడు. ఐటీ ఉద్యోగం మానేసి సెరంగూన్‌లో కేఫ్ పెడుతున్న బెజవాడ కుర్రాడు అతను.

"ఆంటీ, ఓపెనింగ్ రోజు ఇదే స్పెషల్. జనానికి నచ్చితే బోర్డు మీద మీ పేరే" అన్నాడు.

ఆ రోజు ఉదయం ఏడింటికే ఆదెమ్మ వచ్చి గిన్నె పొయ్యి మీద పెట్టింది. మంట సన్నగానే ఉండాలి, కొబ్బరిపాలు పొంగాయంటే విరుగుతాయి. కాసేపు కలిపి, మొగ్గలు తరుగుదామని వెనక గదిలోకి వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే కేశవ్ తల్లి కమలాదేవి లోపలికొచ్చింది. కొడుకు కేఫ్ కోసం మొన్ననే విమానం దిగిన మనిషి. పట్టుచీర కట్టుకుని, చేత్తో కుంకుమభరిణె పట్టుకుని తయారైంది. కొత్త చోట పాలు పొంగించకుండా ఎవరైనా తలుపు తీస్తారా? పొయ్యి ఉంది, గిన్నె ఉంది, అందులో పాలూ ఉన్నాయి. ఇంకేం కావాలి, లక్ష్మీదేవి ఫోన్ చేసి చెప్పాలా? మంట పెద్దది చేసింది. పాలు బుసబుసా పొంగి అంచు దాటాయి. తూర్పుకే పొంగాయని ఆవిడ చప్పట్లు కూడా కొట్టింది.

ఆదెమ్మ పరుగెత్తుకొచ్చేసరికి గిన్నెలో నీళ్ళు వేరు, ముక్కలు వేరు.

"ఓలమ్మో! ఏటి సేసినావు తల్లీ! నా పాలన్నీ ఇరిగిపోనాయి!"

"అదేంటండీ, శుభమా అని పాలు పొంగిస్తే ఆ ఏడుపేంటి?"

"శుభం నీకు. కొంప మునిగింది నాది!"

కమలాదేవి గిన్నెలోకి తొంగి చూసింది. విరిగిన పాలు అపశకునమని ఆవిడకు ఒకరు చెప్పాలా? "ఎవరూ చూడకముందే పారబోసేద్దామండీ" అని గొణిగింది.

పారబోస్తే బోర్డూ పోతుంది. మళ్ళీ కొబ్బరికాయలు తెచ్చి, కోరి పాలు పిండి, కాచి చల్లార్చాలంటే పదకొండింటి ఓపెనింగ్‌కి అందదు. "ఇరిగితే ఇరిగింది లా" అని సింగపూరు మాటతీరులో అంటూ ఆదెమ్మ మొగ్గలు వేసి, బెల్లం ఇంకాస్త దంచి పోసి, కోవాలా దగ్గరపడేదాకా తిప్పింది. భయంతో కమలాదేవి కూడా ఓ గరిటె పట్టింది. ఇద్దరూ కలిసి దాన్ని ఐసుగడ్డల మీద చల్లార్చి మెషీన్‌లో పోశారు.

పదకొండింటికి తలుపు తీశారు. ఐస్‌క్రీం పలుకుపలుకుగా, కాస్త మాడువాసనతో, మధ్యమధ్య మొగ్గ ఘాటుతో ఉంది. జనం వేళ్ళు కూడా చీకారు. ఒంటిగంటకల్లా అంతా ఖాళీ. కేశవ్ ఉబ్బిపోయి చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద రాశాడు: కమలాదేవి హెరిటేజ్ ఐస్‌క్రీం.

ఆదెమ్మకు ఒళ్ళు మండిపోయింది. "ఇదేటి బాబూ?"

"అంటే ఆంటీ, పాలు పొంగించింది తనేనని అమ్మ చెప్పింది. కస్టమర్స్‌కి చెప్పడానికి మంచి స్టోరీ."

"మీ అమ్మ ఇరగ్గొట్టినాది, నాను బాగుసేసినాను. అదీ స్టోరీ!"

కేశవ్ తల్లివైపు చూశాడు. కమలాదేవి ముఖం ఎర్రబడింది. తప్పు ఒప్పుకోవడం ఆవిడకు పుట్టి బుద్ధెరిగాక అలవాటు లేదు. అయినా కొడుకు చేతిలోని చాక్‌పీసు లాక్కుని ఆదెమ్మకు అందించింది.

"చెరుపరా వెధవా. రాయండి, ఆదెమ్మగారూ."

ఐడీ కార్డు మీద తప్ప ఎక్కడా లేని పేరు. ఆదెమ్మ దాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు రాసుకుంది. వెనక్కి జరిగి చూసుకుని కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ వంగి, అడుగున చిన్నగా ఇంకో లైను చేర్చింది: పాలు విరగ్గొట్టినవారు కమలాదేవి.

ఇక గొడవే అనుకున్నాడు కేశవ్. కమలాదేవి మాత్రం ఆదెమ్మ చెయ్యి పట్టుకుని బోర్డు పక్కకు లాగి, కుచ్చిళ్ళు సర్దుకుని నిలబడింది.

"చూస్తావేంరా, తియ్యి ఫోటో" అంది.