మంట దగ్గరికి వచ్చిన కప్పలు

ఉద్యోగ విరమణ తర్వాత ఎల్లారెడ్డిపేట దగ్గరి మా చెలకలో ఉండేవాణ్ని. తొలకరి పడ్డాక సాయంత్రాలు గోదురు కప్పలు ఎలా తింటాయో గమనించి డైరీలో రాసుకోవడం నాకు అలవాటు. ఒళ్లంతా బుడిపెలున్న ఈ కప్ప కదలనిదాన్ని ముట్టదు. పురుగు కాలు కదిపిందా, నాలుక విసిరి లాగేస్తుంది. మింగేటప్పుడు దాని కళ్లు లోపలికి కుంగిపోతాయి. ఇంకా కొట్టుకుంటున్న రెక్కలను ముందుకాళ్లతో నోట్లోకి కుక్కుకుంటుంది.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న ఒక ఏడు పక్క చేను రైతు పల్లి వేశాడు. పల్లిని మోడు చేసేది ఎర్ర గొంగళి పురుగు. తొలి వానలకు దాని రెక్కల పురుగులు భూమిలోంచి లేచి ఆకుల మీద గుడ్లు పెడతాయి. వాటిని రప్పించి కాల్చడానికి మా వైపు గట్ల మీద మంటలు వేస్తారు. రాస్తారోకో నాటి సాయంత్రం అతను నిరసనకు తెచ్చిన టైరును తన చేను పక్కనే, రోడ్డు మీద అంటించాడు.

"ఒక్క మంట, రెండు పనులు సారూ! గటు సర్కారు కాలుతది, గిటు పురుగు కాలుతది."

"పురుగు కోసం కప్పలు గూడ రోడ్డెక్కుతయి తమ్మీ."

"ఎక్కనియ్యి. అవి గూడ జై తెలంగాణ అంటయి."

పురుగులు మంట చుట్టూ మూగాయి. కప్పలు చేనులోంచి బారులుగా వచ్చాయి. అప్పుడే పోలీసు వ్యాన్లు దూసుకొచ్చాయి. జనం చెదిరి పరుగెత్తారు. చక్రాల కింద కప్పలు టపటపా పగిలాయి. నడుము కింద నుజ్జయిన ఒకటి, ముందు పడిన రెక్కల పురుగును నాలుకతో అందుకుంది.

"నా చేను కావలి పోతున్నది సారూ!" అంటూ అతను వెనక్కి ఉరికాడు. ఒంగి, మిగిలినవాటిని ఏరి తువ్వాలలో వేసుకుంటున్నాడు. ఒక కానిస్టేబుల్ కళ్లకు అవి రాళ్లలా కనిపించాయి.

"రాళ్లేరుతున్నవారా?"

"కప్పలు సార్! కప్పలు!"

"నాతోని మజాకా?"

లాఠీ ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నేను అడ్డం పోతే రెండో దెబ్బ నా భుజానికి తగిలింది. అతను మాత్రం తువ్వాల వదల్లేదు.

ఆ కప్పలను చేనులో విడిచాడు కానీ అవి చాలలేదు. కొన్నాళ్లకు పక్క బీడు మీదుగా గొంగళి పురుగులు ఎర్రటి చాపలా కదిలొచ్చాయి. అతని భార్యా నేనూ చేను చుట్టూ కందకం తవ్వాం. పురుగులు దాంట్లో పడి ఒకదాని మీద ఒకటి పాకుతుంటే కప్పలు దిగి మింగసాగాయి. ఆమె పురుగుల మందు పొడి డబ్బాతో నిలబడి, కందకం అంచున కూర్చున్న భర్తను కసిరింది.

"జరుగుమయ్యా! కప్పలను జూస్కుంట కూసుంటే పిల్లలేం తినాలె?"

"జరాగు. తీస్త."

కట్టు కట్టిన చేతిని ఛాతీకి ఆనించుకొని, ఒక్క చేత్తో కప్పలన్నింటినీ తీసి గట్టు అవతల వదిలాడు. "ఇగ సల్లు," అన్నాడు.

పొడి పడగానే గొంగళ్లు మెలికలు తిరిగాయి. ఆ కదలిక చూసి కప్పలు ఆగలేదు. మళ్లీ గట్టెక్కి కందకంలోకి దూకాయి. అతను తీస్తూనే ఉన్నాడు, అవి దిగుతూనే ఉన్నాయి.

తెల్లవారేసరికి పల్లి చేను పచ్చగా ఉంది. కందకంలో కప్పలు పొట్టలు పైకి తేలేసి పడి ఉన్నాయి. కొన్నింటి నోళ్లలోంచి ఎర్రటి నూగు బయటికి కనిపిస్తోంది. అతను ఒక్క చేత్తో మట్టి తోయడం మొదలుపెట్టాడు. నేను పార అందుకున్నాను.