విశాఖ వెళ్ళని మామ్మ

మా ఊళ్ళో పదిహేడేళ్ళ కుర్రాళ్ళకి శనాదివారాలు గడపడానికి పెద్దగా దారులుండేవి కావు. నాగావళి తగ్గితే ఇసుకలో క్రికెట్, సాయంత్రం ఏడు రోడ్ల జంక్షన్‌లో నూడుల్స్ బండి, కొత్త బొమ్మ పడితే సినిమా. ఇవి కాక మాకు ఇంకొకటి ఉండేది. ఇంటర్‌లో నాతో చదివే స్నేహితుడి ఇల్లు. వాళ్ళది ఎచ్చెర్ల అవతల పల్లెలో పొలాలున్న కుటుంబం. పిల్లల చదువుల కోసం శ్రీకాకుళంలో ఇల్లు కట్టుకున్నారు. శుక్రవారం సాయంత్రానికి వాడి అమ్మానాన్నా పొలం చూసుకోవడానికి వెళ్ళిపోతే, ఆదివారం రాత్రి దాకా ఆ ఇంట్లో వాడూ, వాళ్ళ మామ్మా, ముందుగదిలో ఒక కంప్యూటరూ మిగిలేవి. మేం నలుగురం ఆ కంప్యూటర్ ముందు కూర్చుని కార్ల పందేలు ఆడేవాళ్ళం. మామ్మ వాకిట్లో కూర్చుని చేటతో ఉలవలు చెరుగుతూ, మా అరుపులకి మధ్యమధ్యలో తనూ అరిచేది.

నాకు మాత్రం ఆదివారం పొద్దున్న చర్చి తప్పేది కాదు. మాది బాప్టిస్టు సంఘం. అమ్మ స్త్రీల సమాజానికి కార్యదర్శి. ఆరాధన ఎగ్గొట్టాలంటే అమ్మ లెక్కలో జ్వరమైనా రావాలి, లేదా ఎవరైనా చనిపోవాలి.

అలాంటి రోజుల్లో మా క్లాసువాడొకడు విశాఖపట్నంలో మాల్‌కి వెళ్ళొచ్చాడు. వారం రోజులు అదే కథ. మెట్లు వాటంతటవే పైకి వెళతాయట, సినిమా హాల్లో చలికి వణుకు పుడుతుందట. మేమింకా ఫ్యాను కింద సీటు కోసం కొట్టుకునేవాళ్ళం. ఆదివారం వెళ్ళి తీరాలని నేనూ నా స్నేహితుడూ నిర్ణయించుకున్నాం. ఆదివారమంటే నాకు చర్చి. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. శనివారం సాయంత్రం అతికించాను.

"ఆడి మామ్మకి గుండెల్లో నొప్పమ్మా. రేపు విశాఖ పెద్దాసుపత్రికి తీసికెళ్ళాలంట. ఆళ్ళ నాన్న ఊళ్ళో నేరు. నన్ను తోడు రమ్మన్నాడు."

అమ్మ చేతిలో పని ఆపేసింది. "అయ్యో, ముసలావిడ్ని ఇద్దరు పిల్లలే తీసికెల్తారా?" అంది. నాలుగింటికే లేచి పులిహోర కలిపింది. రోగికి పనికొస్తాయని బ్రెడ్డు, నాలుగు బత్తాయిలు సంచిలో పెట్టింది. గుమ్మంలో నా తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసింది. నేనూ కళ్ళు మూసుకున్నాను. ఆమెన్ కూడా అన్నాను.

ఆమదాలవలసలో రైలెక్కాం. చీపురుపల్లి రాకముందే పులిహోర డబ్బా ఖాళీ. మాల్‌లో ఎస్కలేటర్ దగ్గర నా స్నేహితుడు ఒక కాలు వేసి వెనక్కి తీసేశాడు. "ఒరే మావా, ఎక్కడం సరే, దిగడం ఎలాగరా?" అన్నాడు. వెనకాల జనం ఆగిపోయారు. నాలుగేళ్ళ పిల్ల మమ్మల్ని తప్పించుకుని తాపీగా ఎక్కి వెళ్ళిపోయింది. ఆ తర్వాత అదే మెట్ల మీద పదిసార్లు ఎక్కి దిగాం. సినిమా హాల్లో నిజంగానే చలికి వణికాం. బీచ్‌లో కూర్చుని, రోగికని అమ్మ ఇచ్చిన బ్రెడ్డూ బత్తాయిలూ తినేశాం. ఇంత రుచైన బ్రెడ్డు ఎప్పుడూ తినలేదని నవ్వుకున్నాం. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు చచ్చిపోతుంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ గేటు దగ్గరే ఉంది.

"ఎలాగున్నాదిరా ఆవిడికి?"

"బాగానే ఉన్నాది. గేసంట."

"దేవుడికి స్తోత్రం. సంఘమంతా మోకరించాం తెలుసా? ఆవిడ పేరేటని పాస్టరుగారు అడిగితే నాకు తెలవదు. 'విశాఖ వెళ్ళిన మామ్మ' అని ప్రార్థన చేసేరు. అందరూ అదే పేరు పట్టుకున్నారు."

నేను ఎస్కలేటర్ మీద ఎక్కి దిగుతున్నప్పుడు రెండొందల మంది గచ్చు మీద మోకాళ్ళు ఆనించారన్నమాట. సిగ్గేసింది. కానీ నిజం చెప్పేసేంత సిగ్గు కాదు, అన్నం సహించనంత సిగ్గూ కాదు. పడుకుంటే నిద్ర పట్టింది.

తర్వాతి శనివారం మేం ఆటలో మునిగి ఉండగా గేటు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే తెల్లచీరల్లో నలుగురు ఆడవాళ్ళు, చేతుల్లో బైబిళ్ళు, పళ్ళ సంచి. ముందు మా అమ్మ. ఇల్లు ఎక్కడో ఎలా కనుక్కుందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను వాకిట్లోకి పరిగెత్తాను. మామ్మ గుండ్రాయిలా కూర్చుని ఉలవలు చెరుగుతోంది.

"మామ్మగారు లోపల పడుకున్నారామ్మా? ఆవిడ్ని దర్శించడానికొచ్చాం," అంది అమ్మ.

మా చర్చి మాటల్లో దర్శించడమంటే రోగుల్ని చూడ్డానికి వెళ్ళడం. మామ్మకి ఆ మాట గుళ్ళో దేవుడి విషయంలోనే తెలుసు. చేట పక్కన పెట్టి నోరు తెరిచింది.

"మామ్మంటే నానే. నన్ను దర్శించడానికొచ్చినారా? నానేటి, అమ్మోరినా?"

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వి, "మొన్నాదివారం విశాఖ ఆసుపత్రికి తీసికెల్లారు గదా, మావోడు తోడొచ్చాడు గదా, ఎలాగున్నారో సూద్దామని," అంది.

మామ్మ నావైపు చూసింది. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. నా వెనక ఆమె మనవడు తలుపు పట్టుకుని ఉన్నాడు. వాడి వైపూ చూసింది. అమ్మ చేతిలో పళ్ళ సంచి చూసింది. అంతా క్షణంలో అర్థమైపోయినట్టుంది.

"అవునమ్మా," అంది. "గుండె దడదడ. ఈ గుంటలిద్దరూ నేకపోతే ఏటైపోదునో."

నన్ను ఎవరైనా మెచ్చుకున్నప్పుడు అంత నరకం నేనెన్నడూ పడలేదు. మామ్మ లేచి అందరికీ చాప వేసింది. తనే వెళ్ళి నీళ్ళు తెచ్చి, తళతళలాడే ఇత్తడి గ్లాసులతో చేతికి అందించింది. వాళ్ళు ఒక పాట పాడారు. ఆమె తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. మొదట మామ్మ మావైపు ఒక కన్ను తెరిచి చూసింది. కాసేపటికి రెండు కళ్ళూ మూసేసింది. ప్రార్థన అయ్యాక చూస్తే ఆమె చెంపలు తడిగా ఉన్నాయి.

వాళ్ళు వెళ్ళాక మేం తల దించుకుని నిలబడ్డాం. మామ్మ ఒక బత్తాయి ఒలుచుకుంటూ అడిగింది.

"ఒరే, నన్ను ఇశాపట్నం తీసికెల్లినారట. ఏటి సూపించినారు?"

"సినిమా," అన్నాడు మనవడు.

"బాగున్నాదా?"

"బాగున్నాది మామ్మా."

"ఎలాగూ నా పేరు ఎట్టుకున్నారు. నన్నూ తీసికెల్తే పోయేది గదరా, దొంగ నాకొడకల్లారా!" అని పకపకా నవ్వింది. నవ్వు ఆగాక మాత్రం నెమ్మదిగా అంది. "మా ఆయన పోయినకాడ్నించి నా నెత్తి మీద ఎవలూ సెయ్యి ఎయ్యనేదురా. మీయమ్మోలు మల్లీ వొస్తారా?"

"వస్తారు మామ్మా," అన్నాను.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అమ్మ ఆ ఇంటి గురించే మాట్లాడింది. చిన్నప్పుడు తన పల్లెలో రైతుల ఇళ్ళ దగ్గర నీళ్ళడిగితే దోసిట్లో పైనుంచి పోసేవారని అంతకుముందు ఒక్కసారి నాకు చెప్పింది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. "ఇత్తడి గ్లాసులతో ఇచ్చిందిరా, పక్కనే కూకున్నాది కూడా," అని మాత్రం అంది. రెండుసార్లు అంది. "ఇంక ప్రతి శనివారం ఆవిడ్ని దర్శించుకొస్తాం. పాపం, మనిషి కోసం మొకం వాచి ఉన్నాది."

ప్రతి శనివారం! దొరికిపోతానన్న భయం కాదు, మామ్మ మమ్మల్ని కాపాడేసింది. మా శనివారం పోతుందన్నది నా బాధ. నలుగురు ఆడవాళ్ళు చాప మీద కూర్చుని పాటలు పాడుతుంటే ముందుగదిలో కార్ల పందేలు ఏం ఆడతాం? మాటలు తగ్గించుకోవాలి, బూతులు మానుకోవాలి, అమ్మ ముందు బుద్ధిమంతుడిలా కూర్చోవాలి. మిగిలిన ఇద్దరూ అప్పుడే వెక్కిరించడం మొదలుపెట్టారు. "ఏటి బావా, ఇంక శనివారం కూడా సర్చేనా?" అని.

బుధవారం అమ్మతో అన్నాను. "అమ్మా, ఆళ్ళింటికి మీరింక వెళ్ళకండి. మీరు రావడం ఆళ్ళ ఇంట్లో ఇష్టం నేదంట."

ఏ కారణమైనా చెప్పొచ్చు. మామ్మ పల్లెకి వెళ్ళిపోయిందనొచ్చు. అలా అంటే వారం తిరక్కుండా మళ్ళీ అడుగుతుంది. ఈ మాటంటే ఇంకెప్పుడూ అడగదని నాకు తెలుసు. తెలిసే అన్నాను. దీన్ని పిల్లతనమని ఎవరైనా సర్దిచెప్పినా నేను ఒప్పుకోను.

అమ్మ ఎందుకని అడగలేదు. ఎవరన్నారనీ అడగలేదు. "అలాగా," అంది. తర్వాత, "పోన్లే, ఆవిడ మంచిదే," అంది. స్త్రీల సమాజంలో ఏం చెప్పుకుందో తెలియదు. ఆ తర్వాత కూరగాయల బజారుకి వాళ్ళ వీధి మీదుగా వెళ్ళే దగ్గరదారి మానేసి, మెయిన్ రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళడం మొదలుపెట్టింది. చేతుల్లో బరువైన సంచులతో ఆమె ఆ చుట్టుదారిన రావడం నేను చూశాను. చూసి కూడా ఊరుకున్నాను.

శనివారాలు మాకు మళ్ళీ బ్రహ్మాండంగా గడిచాయి. మామ్మ మాత్రం నేను చెప్పులు విప్పుతుండగానే అడిగేది. "ఈ వారం మీయమ్మోలు వొస్తారేటిరా?" మొదట్లో చాప దులిపి గోడకి ఆనించి ఉంచేది. పరీక్షలని ఒకసారి, పెళ్ళని ఒకసారి, వానలని ఒకసారి ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. నాలుగు నెలలు చెప్పాను. తర్వాత తర్వాత చాప తియ్యడం మానేసింది కానీ అడగడం మానలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం. మేం మ్యాట్నీకి వెళ్ళాలి. నేను అద్దం ముందు తల దువ్వుకుంటున్నాను. ఇంటి ముందు ఆటో ఆగింది. అందులోంచి మామ్మ ఒక్కతే దిగింది, చంకలో ఉలవల మూటతో. చర్చి పక్క సందులో అడుగుతూ వచ్చిందట.

అమ్మ తలుపు తీసి కొయ్యబారిపోయింది. రమ్మనాలో వద్దో తెలియనట్టు గుమ్మానికి అడ్డంగానే నిలబడింది.

"మీరు రానేదు," అంది మామ్మ. "నానే దర్శించడానికొచ్చినాను. లోపలికి రానియ్యవేటమ్మా?"

"అయ్యో, రండి. మీ ఇంట్లో మీకు మాట వస్తాదేమోనని..."

"మాటా? ఏటి మాట?"

"మేం రావడం మీ ఇంట్లో ఇష్టం నేదని..."

"మా ఇంట్లోనా? ఎవలన్నారమ్మా ఆ మాట? మా కోడలు మీ గురించి ఎన్నిసార్లు అడిగిందో! ప్రతి శనివారం నీ కొడుకుని అడుగుతాను. వొస్తారు, వొస్తారు అంటాడు."

దువ్వెన నా చేతిలోనే ఉంది. అమ్మ వెనక్కి తిరిగి నన్ను చూసింది. మామ్మ కూడా చూసింది, కానీ ఈసారి ఆమెకి ఏమీ అర్థం కాలేదు. ఇలాంటిది ఆమె ఊహకి అందదు. సినిమా కోసం అబద్ధమాడే కుర్రాళ్ళు ఆమెకి తెలుసు. ఇది వేరు.

"ఎవరూ అననేదండి," అంది అమ్మ. "నానే అలాగ అనుకున్నాను. నాదే పొరపాటు. రండి, కూకోండి."

ఆవిడ్ని కుర్చీలో కూర్చోబెట్టింది. టీ ఇచ్చింది. మామ్మ అడక్కుండానే ఆవిడ తల మీద చెయ్యి వేసి చిన్న ప్రార్థన చేసింది. మళ్ళీ శనివారం తప్పకుండా వస్తానని మాటిచ్చింది. ఆటో ఎక్కించి వచ్చింది. అంతసేపూ నవ్వుముఖంతోనే ఉంది. నేను కుక్కిన పేనులా మంచం మీద కూర్చున్నాను. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

అమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"ఆల్లు ఆ మాట అననేదు," అంది. "నా కడుపున పుట్టినోడివి, నీకెలాగ తోసిందిరా?"

అమ్మ ఉలవల మూట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వీధిలో స్నేహితుడి బండి హారన్ మోగింది. ఇంట్లో ఉండలేక వెళ్ళిపోయాను అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. నిజం అది కాదు. కొత్త సినిమా, మొదటి వారం, వాడు ముందే టిక్కెట్లు తీసి ఉంచాడు, అందుకే వెళ్ళాను. కమెడియన్ వచ్చినప్పుడల్లా అందరితో పాటు నేనూ నవ్వాను.