అయిపోయిందన్న మాట

తెలుగులో 'అయిపోయింది' అన్నంత దొంగమాట ఇంకోటి లేదు. అన్నం ఉడికినా అయిపోయిందే, గిన్నెలో నిండుకున్నా అయిపోయిందే. పరీక్ష బాగా రాసినవాడూ అయిపోయిందంటాడు, ప్రశ్నపత్రం చూడగానే గుండె జారినవాడూ అయిపోయిందంటాడు. ఆ ఒక్క మాట వెనక దాక్కుని నేను ఏడాది పాటు బందరులో గొప్పగా బతికాను.

నాకప్పుడు నలభై ఆరేళ్ళు. కోర్టులో టైపిస్టు ఉద్యోగం. కూర్చున్న కుర్చీకి నా ఆకారం వచ్చిందో, నాకు కుర్చీ ఆకారం వచ్చిందో చెప్పడం కష్టం. షుగరు గుమ్మం దాకా వచ్చింది, రోజూ నడవండమ్మా అన్నారు డాక్టరుగారు. నడకతో సరిపెట్టుకుంటే నేను నేనెందుకవుతాను? పరుగు నేర్పే యాప్ ఒకటి ఫోనులో వేసుకున్నాను. తొమ్మిది వారాలు, వారానికి మూడు రోజులు. మొదట్లో ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక. అలా పెంచుకుంటూ పోయి చివరిరోజుకి అరగంట ఆగకుండా పరుగెత్తాలి.

మొదటిసారి నా మొహమాటమే దాన్ని చెడగొట్టింది. మా ఊళ్ళో చీర కట్టుకునే వయసు ఆడమనిషి చుడీదార్ వేసుకుని పరుగెడుతోందంటే బస్సు తప్పిపోతోందనే అర్థం. స్కూటర్లు ఆగేవి, ఆటోలు ఆగేవి, అందరూ ఎక్కమనేవారే. మూడో వారంలో తెలిసినావిడ ఒకరు స్కూటీ ఆపితే కాదనలేక ఎక్కాను. బస్టాండులో దిగాక గుడివాడ బస్సు కోసం చూస్తున్నట్టు నిలబడ్డాను. ఆవిడ వెళ్తే వెనక్కి వెళ్దామని నా ప్లాను. ఆవిడేమో నన్ను బస్సెక్కించి, కిటికీ పక్కన సీటు చూపించి, చెయ్యూపి కానీ కదల్లేదు. పెడనలో దిగి ఇంకో బస్సులో ఇంటికొచ్చేసరికి ఆఫీసు టైము దాటిపోయింది.

రెండోసారి వానలు ఆపేశాయి. మూడోసారి నాలుగో వారం దాకా లాక్కొచ్చాను. అంతలో ఒక గుంట నా చీలమండని బెణికించింది. ఆ సాయంత్రం కాలు వేడి ఉప్పునీళ్ళలో పెట్టుకుని, ఇక పరుగూ వద్దు గిరుగూ వద్దని తీర్మానించుకుంటుంటే మా అత్తగారు గుమ్మంలో నిలబడి అడిగారు.

"పరుగు అయిపోయిందా?"

"అయిపోయిందత్తయ్యా," అన్నాను.

ఆ పీడ విరగడైందని నా భావం. మర్నాడు పొద్దున్న ఆవిడ పాలాయనతో, మా కోడలు తొమ్మిది వారాల పరుగు పూర్తి చేసిందండీ అని చెప్తుంటే వంటింట్లో నా చేతిలో గరిటె ఆగిపోయింది.

మా అత్తగారు లెక్కల టీచరుగా రిటైరయ్యారు. మార్కులు వెయ్యడంలో ఆవిడ చెయ్యి మొదట్నుంచీ గట్టిదే. ఇరవై ఏళ్ళుగా నా పులుసుకి ఆవిడ ఇచ్చిన పెద్ద కితాబు 'తినొచ్చు'. అలాంటి మనిషి నన్ను వీధంతా పొగుడుతుంటే, అది పొరపాటని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నిజం చెప్తున్నాను, చాలా బావుంది ఆ పొగడ్త. సాయంత్రానికి కబురు మా హెడ్ క్లర్కుగారి దాకా వెళ్ళింది. లడ్లేవండీ అన్నారాయన. బందరులో పుట్టి లడ్డు పంచకుండా ఏ గొప్పా చెప్పుకోలేం కాబట్టి వీధిలో పంచాను, ఆఫీసులో పంచాను, రోజూ నన్ను కోర్టుకు తీసుకెళ్ళే ఆటో భాయ్ చేతిలో రెండు పెట్టాను. నేను మాత్రం ఒక్కటీ తినలేదు. షుగరు కదా అన్నాను అందరితో. అసలు సంగతి ఏమిటంటే గొంతు దిగదని నాకు తెలుసు.

తప్పు చేసినవాళ్ళకి ఏడాది ఇట్టే గడుస్తుంది. మళ్ళీ వినాయక చవితి వెళ్ళిన వారంలో హెడ్ క్లర్కుగారు కార్తీక వనభోజనాల సంగతి ఎత్తారు. ఈసారి దివిసీమలో పాలకాయతిప్ప బీచి అట, అందరూ కుటుంబాలతో రావాలట, బస్సు మాట్లాడేశారట. అక్కడితో ఆగితే ఆయన ఆయనెందుకవుతారు? హంసలదీవి గుడి దగ్గర మన మేడమ్‌గారు దిగి బీచి దాకా పరుగెడతారు, మనం బస్సులో వెనకాలే వెళ్దామన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మొహమాటానికి నేనూ కొట్టాను.

పరుగెత్తలేకపోతే నలుగురూ నవ్వుతారన్నది చిన్న సంగతి. వాళ్ళు రేపటికి మర్చిపోతారు. మా అత్తగారు నా గురించి చెప్పుకున్న ఒకే ఒక్క గొప్ప కాస్తా అబద్ధమని ఆవిడ కళ్ళముందే తేలిపోతుంది. దానికి భయం వేసింది నాకు. చేతిలో పది వారాలున్నాయి. ఇంట్లో ప్రాక్టీసని చెప్పి మళ్ళీ ఒకటో వారం మొదలుపెట్టాను, నాలుగోసారి.

పూర్తి చేసినావిడ నిమిషం పరుగెత్తి ఒకటిన్నర నిమిషం నడుస్తుంటే వీధిలో నలుగురూ చూస్తారు. అందుకని ఊరి బయటికి, మంగినపూడి రోడ్డు మీదికి వెళ్ళాలి. తెల్లవారుజామున ఫజర్ నమాజు అవగానే భాయ్ ఆటో తెచ్చేవాడు. నా జూకాలకీ ఇయర్‌ఫోన్లకీ పడదు, అందుకని ఫోను నడుముకున్న సంచిలోంచి గట్టిగానే అరుస్తుంది. మొదటిరోజు అది "వీక్ వన్, డే వన్" అని మొదలెట్టగానే భాయ్ చెవి రిక్కించాడు.

"చెల్లెమ్మా, పోయినేడు నేను లడ్డు తిన్నాను కదా?"

నడుస్తూ, రొప్పుతూ ఉన్నదున్నట్టు చెప్పేశాను. లడ్డు మాత్రం మంచిదే, కాబట్టి ఎవరికీ చెప్పనులే అన్నాడు. ఆ రోజు నుంచీ కుక్కలు రాకుండా మొదటి గేరులో నా వెనకే వచ్చేవాడు.

ఆ దృశ్యం చూసి లోకం ఏమనుకుందో ఒక రొయ్యల చెరువు పెద్దాయన వల్ల తెలిసింది. మేత బస్తాతో వస్తున్న మోపెడ్ ఆపి, ఇంటికెళ్ళిపో అమ్మా, మొగుడన్నాక ఓ మాట అంటాడు, దానికే అలిగి పుట్టింటికి పరుగెడతారా అన్నాడాయన నాతో. కాదని చెప్పడానికి నాకు ఊపిరి లేదు. భాయ్‌కి కావలసినంత ఉంది.

"చెప్తూనే ఉన్నానండీ, వినట్లేదు," అన్నాడు.

ఆ తర్వాత పెద్దాయన కనపడినప్పుడల్లా నన్ను చూసి తల అడ్డంగా ఊపేవాడు. మా వారు ఆరున్నర దాకా దుప్పటి తియ్యరు కాబట్టి తన మీద ఇంత నింద పడిందని ఆయనకి ఇప్పటికీ తెలియదు.

నాలుగో వారం వచ్చేసరికి పాత గుంట గుర్తొచ్చి ప్రతి అడుగూ చూసి చూసి వేశాను. ఒకరోజు మధ్యలో ఆగిపోయి మైలురాయి మీద కూర్చుని ఏడ్చాను కూడా. భాయ్ ఓదార్చలేదు. అటు తిరిగి కూర్చుని టీ తాగి, ఎక్కుతావా పరుగెడతావా అన్నాడు. ఎక్కాను. రెండు రోజులు ఆగి అదే రోజుని మళ్ళీ చేశాను. ఐదో వారం, ఆరో వారం గడిచాయి. ఎనిమిదో వారంలో వాన వచ్చినా ఈసారి నేను ఆటో ఎక్కలేదు. పది వారాల్లో ఇరవై ఆరు రోజులు పూర్తయ్యాయి. మిగిలింది ఒక్క రోజు, అదే వనభోజనాల రోజు.

హంసలదీవిలో నన్ను దించి బస్సు కదిలింది. నేను పిలిస్తే భాయ్ కూడా వచ్చి డ్రైవరు పక్కన కూర్చున్నాడు. మొదటి గేరులోనే పోనీ అని అతనికి చెప్పడం నాకు వినిపించింది. కిటికీల నిండా తలకాయలే. మా అత్తగారు ముందు సీట్లో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. సగం దారిలో స్నానాలకి వెళ్తున్న ఆటో ఒకటి నా పక్కన ఆగింది, చోటుంది ఎక్కండమ్మా అన్నారు అందులోవాళ్ళు.

"వద్దండీ," అన్నాను. నా జన్మలో లిఫ్టు కాదనడం అదే మొదలు.

చివర్లో ఊపిరి ఈలలు వేసింది. కాళ్ళు నావి కావనిపించింది. అయినా ఆగలేదు. సముద్రం కనపడగానే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అందరూ బస్సు దిగి నా చుట్టూ చేరి చప్పట్లు కొడుతున్నారు. అక్కడికి చేరగానే ఫోను ఆపెయ్యాలని పదిసార్లు అనుకున్నదాన్ని, ఆ సంతోషంలో మర్చిపోయాను. అది మర్చిపోలేదు.

"కంగ్రాచ్యులేషన్స్. యూ హావ్ కంప్లీటెడ్ ద ప్రోగ్రామ్," అంది, సరుగుడు తోట దాకా వినపడేట్టు.

చప్పట్లు ఆగాయి. ఇది పోయినేడే కంప్లీటయింది కదండీ అన్నారు హెడ్ క్లర్కుగారు. భాయ్ సముద్రంలో ఏదో ఓడ కనపడినట్టు అటు తిరిగాడు. నేను హెడ్ క్లర్కుగారిని చూడలేదు, మా అత్తగారినే చూశాను.

"లేదత్తయ్యా. పోయినేడు ఆగిపోయింది. అయిపోయిందంటే మీరు పూర్తయిందనుకున్నారు. నేను దిద్దలేదు."

"ఉప్పునీళ్ళు కాచి నీ కాలి కింద పెట్టిందెవరు?" అన్నారావిడ. "నేనే కదా. ఆ మాత్రం తెలీదా నాకు? ఊరంతా చెప్తే సిగ్గుకైనా పూర్తి చేస్తావనుకున్నాను. ఏడాది పట్టింది నీకు సిగ్గు రావడానికి."

అందరూ పగలబడి నవ్వారు. నాకు కోపం వచ్చింది. ఏడాది పాటు ఆవిడ ముందు దొంగలా తిరిగాను, ఆవిడేమో లెక్క ముందే తెలిసిన టీచరులా చూస్తూ కూర్చున్నారు. ఆ కోపంలో ఏదో అనబోతుంటే ఆవిడ సంచిలోంచి లడ్ల పెట్టె తీశారు. బందరు నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది అదన్నమాట. అంటే నేను పరుగెడతానని నాకంటే ముందు ఆవిడే నమ్మారు. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"పోయినేడు అందరికీ పెట్టి నువ్వొక్కటీ తినలేదు. చూశాను," అంటూ ఒక లడ్డు తీసి సరిగ్గా సగానికి విరిచారు. "షుగరు కదా, సగం తిను."

తిన్నాను. చెమటా కన్నీళ్ళూ కలిసి కొంచెం ఉప్పగా తగిలింది.

"ఎలా ఉంది?" అని అడిగారు ఆవిడ.

"తినొచ్చు," అన్నాను.