వాంతి కాదమ్మా, నెమరు

మా కింది వాటాలో ఉండే సైన్సు మాస్టారు పోయారు. ఛత్తీస్‌గఢ్‌లో మేముండే దేవేంద్ర నగర్‌లో మిగతా తెలుగువాళ్ళకి ఫోన్లలో తెలిసింది. నాకు మాత్రం మాస్టారి కోడలు మెట్లెక్కి వచ్చి చెప్పింది. నిద్రలోనే పోయారట. వినగానే నేను చేసిన మొదటి పని, గ్యాస్ కట్టేశానో లేదో చూసుకోవడం. నా బుర్ర అంతే. కంగారు ముందు, ఏడుపు తరవాత.

ఇక్కడి తెలుగు సంఘం వాళ్ళు ఆయన గురించి మంచి మాటలు రాయమన్నారు. రాస్తాను. కానీ నిజం చెప్పొద్దూ, ఆయన పక్కన కూర్చోవాల్సి వస్తే నేను కుర్చీ దూరంగా జరుపుకునేదాన్ని. రోడ్డు మీద ఆవు కనిపిస్తే చాలు, దవడ పట్టుకుని నోరు వాసన చూసేవారు. ఆ చెయ్యి పంచెకి తుడుచుకుని మా ఇంట్లో పకోడీ తీసుకునేవారు.

"చెయ్యి కడుక్కోండి మాస్టారూ!"

"గడ్డి వాసనే కదమ్మా."

ఒకరోజు మా ఇంట్లో పెరుగన్నం తింటూ నెమరు సంగతి ఎత్తుకున్నారు. ఆవు గబగబా మింగేస్తుందట, తీరిగ్గా పడుకున్నాక ముద్ద ముద్దగా మళ్ళీ నోట్లోకి తెచ్చుకుని నములుతుందట.

"ఛీ, అన్నం ముందు ఆ మాటలేటండీ! తన ఎంగిలి తనే తినడం. వాంతే కదా అది?"

"వాంతి కాదమ్మా. వద్దని తోసేస్తే వాంతి. కావాలని తెచ్చుకుంటే నెమరు."

అలాంటి జంతువులకి ఇంగ్లీషులో ఉన్న పేరు గొంతుక అనే పాత లాటిన్ మాటలోంచి పుట్టిందని చెప్పారు. సంస్కృతంలో రోమంథం అంటారట.

"మరి మన నెమరు ఎక్కణ్ణించి వచ్చింది?"

"అది నాకూ తెలీదమ్మా. తెలిస్తే ఈ ముద్ద మింగకుండానే చెప్పేవాణ్ణి."

నేను కంచం పక్కకి నెట్టేశాను.

ఆ ఎండాకాలమే మాకు పాలు పోసే ఆవిడ ఏడుస్తూ గేటు దగ్గరికి వచ్చింది. "గురూజీ, మోర్ గాయ్ పగురాత్ నయ్ హే!" తన ఆవు నెమరు వెయ్యడం లేదని ఛత్తీస్‌గఢీలో మొర. ఆవిడకున్నది ఆ ఒక్క ఆవే. అది పోతే పిల్లలకి తిండెలాగని నాకు ఒకటే కంగారు.

మాస్టారు పశువుల డాక్టర్ని పిలిపించారు. మత్తు సూదేసి, ఆవుని నిలబెట్టే ఎడమ డొక్క కోశారు. నేను ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని చూశాను. లోపల్నుంచి ఏం వచ్చాయనుకున్నారు? పాల ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు, ముడి విప్పని కవర్లు. అన్నీ తాడులా పేనుకుపోయి, నల్లగా, జిగటగా. ఎక్కడివి? మన వంటిళ్ళవే. పొద్దున్నే గోమాతకి దణ్ణం పెట్టి, మధ్యాహ్నం దాని ముందుకి కవరు విసిరే చేతులవే. ఆ కంపు కన్నా ఆ చేతులంటేనే నాకు ఎక్కువ అసహ్యం.

"పాపం, తెచ్చుకుందామన్నా ఇవి రానివ్వలేదమ్మా" అన్నారు మాస్టారు.

కొన్నాళ్ళకి ఆవు గొంతులో ముద్ద పైకి పాకింది. మాస్టారు వీధంతా వినబడేలా పాలావిణ్ణి కేకేశారు. కారుతున్న చొంగ చూడలేక నేను మొహం తిప్పుకున్నాను. ఆయన కళ్ళు తుడుచుకుంటున్నారు.

మొన్న ఆయన పెద్దకర్మ. భోజనాలయ్యాక వంటవాళ్ళు ఎంగిలాకులూ కూర తొక్కలూ నల్ల కవర్లలో కుక్కి, మూతులు బిగించి గేటు బయట పడేశారు. అప్పుడే రెండు ఆవులు వచ్చి మూతి పెట్టాయి.

"అరే భయ్యా, గాంఠ్ మత్ బాంధో!" ముడి వెయ్యొద్దని అరిచాను.

"సుబహ్ గాడీ ఆయేగీ అమ్మాజీ, టెన్షన్ మత్ లో."

చెత్త బండి పొద్దున్న వస్తుందట, కంగారు పడొద్దట. ఆవు పొద్దుటిదాకా ఆగుతుందా?

బుద్ధెరిగాక నేను ఒకరి ఎంగిలి ముట్టినదాన్ని కాదు. కొంగు బిగించి ముడులు విప్పాను. సాంబారు మోచేతి దాకా కారింది. ఎవరో నమిలి పారేసిన ములక్కాడ వేళ్ళకి అంటుకుంది.

"అత్తయ్యా, ఏటా పని! చీర చూసుకోండి!" అని మా కోడలు పైనుంచి అరుస్తోంది.

ఆవులు అరటాకులు లాక్కుంటున్నాయి. వాటి వేడి ఊపిరి నా పాదాలకి తగులుతోంది. ఖాళీ కవర్లు గాలికి లేవకుండా వాటిమీద నిలబడ్డాను.