ఇశ్రాయేలీయుల చరిత్రకు మా చేను సాక్ష్యం

నేను బడి ముఖం సరిగ్గా చూసినవాణ్ణి కాదు. అయినా పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో ప్రాచీన ఇశ్రాయేలీయుల చరిత్రను తెలుగులో రాశాను. నిఘంటువు పక్కన పెట్టుకుని, అనంతపురం గ్రంథాలయంలో దొరికిన ఇంగ్లీషు పుస్తకాలు కూడబలుక్కుని చదివి మరీ రాశాను. ఎవరూ అడగలేదు. చరిత్ర రాయడానికి ఒకరు అడగాలా?

కష్టమంతా మొదటి అధ్యాయంలోనే. వాళ్ల కథ చెప్పేది వాళ్ల గ్రంథమే, అదీ ఎన్నో తరాల తర్వాత కూర్చినది. బయటి సాక్ష్యం వెతికితే, ఈజిప్టు రాజు శాసనమొకటి ఆ పేరు ఒక్కసారి ఎత్తి, వాళ్లను తుడిచిపెట్టానని గొప్పలు పోతుంది. గొర్రెలు తోలుకుని ఎడారిలో తిరిగారందామా, ఒక కుండ పెంకైనా దొరకదు. అందుకే చాలాచోట్ల ‘తెలియదు’ అని రాశాను.

అనంతపురంలో అచ్చాఫీసు యజమాని ఆ మాట దగ్గరే ఆగిపోయాడు.

“ఏమప్పా, తెలియదని చెప్పేదానికి పుస్తకమెందుకు? తిరిగినారని రాయి, లేదంటే కట్టుకథని రాయి. ఏదో ఒకటి తేల్చకుంటే నేను అచ్చెయ్యను.”

“తేల్చేదానికి నేనేమన్నా ఆడుండి చూసినానా?”

ఒళ్లు మండింది. నమ్మేవాడికీ తొందరే, నమ్మనివాడికీ తొందరే! కాగితాలు చంకన పెట్టుకుని లేచాను. వానలు పడినాక ముదిగుబ్బ దగ్గర మా చేనుకు ఒకసారి రమ్మని మాత్రం చెప్పాను.

ఆ ఏడు వాన మోసం చేయలేదు. ఆయన నిజంగానే బస్సు దిగాడు. వేరుశనగ చేను గట్టు మీద నిలబడి ఒక మూలకు వేలు చూపించాడు.

“ఏమప్పా, ఆడ మాత్రం అంత నల్లగా ఎదిగిందే? ఎరువేసినావా?”

“ఎండాకాలంలో గొర్రెల మంద నిలిపించినానన్నా. రాత్రిళ్లు ఆడే పండుకున్నాయి.”

“మంద చుట్టూ వేసిన కంచె యాడ? గుర్తే లేదే!”

“కంచె కంప మా పొయ్యిలోకి పోయింది. మందోళ్లు వాళ్ల దోవన పోయినారు.”

“ఎవురు వాళ్లు?”

“మడకశిర దిక్కోళ్లు. కన్నడం మాట్లాడతాండ్రి.”

“వాళ్ల పెద్దోళ్లది ఏ ఊరో?”

“తెలియదు. వచ్చే ఏటికి ఈ పచ్చదనమూ ఉండదన్నా. అప్పుడు మందే రాలేదని రాస్తావా? లేకుంటే వాళ్ల తాతల పేర్లు నువ్వే కల్పించి రాస్తావా?”

ఆయన చేనుకేసి చూశాడు, నాకేసి చూశాడు, పకపకా నవ్వాడు.

“సరే పోప్పా! నీ తెలియదు నువ్వే పెట్టుకో.”

ఒక్క ‘తెలియదు’ కూడా తీయకుండా పుస్తకం వచ్చింది. నాకు విశ్వాసం లేదని పాస్టరు గారు తిట్టారు. ఉన్నదంతా విశ్వాసమేనని నాస్తిక మిత్రుడు తిట్టాడు. ఇద్దరి చేతుల్లోనూ నా పుస్తకమే! తుడిచిపెట్టానని రాతి మీద చెక్కించుకున్న ఆ రాజు వచ్చి చూడాల్సింది, ముదిగుబ్బ టీ అంగడి ముందు ఆ జాతి గురించి వాళ్లిద్దరికీ జరిగిన కొట్లాట.