రాహేలమ్మ గారి వంకర జడ

బస్సులో ముందు సీటు నుంచి కర్పూరం కలిపిన కొబ్బరినూనె వాసన వచ్చింది. ఎవరో తల్లి పిల్లకు పేల మందుగా పట్టించినట్టుంది. నందిగామలో ఎక్కినప్పుడు బాగానే ఉన్నాను. చిల్లకల్లు దాటేసరికి, దిగి వెనక్కి వెళ్లిపోదామా అనిపించింది. నూనె వాసన పడక కాదు. రెండేళ్ల తర్వాత జగ్గయ్యపేటలోని అనాథాశ్రమానికి వెళ్తున్నాను. అక్కడ మహిమ అనే పిల్లకు నేనొక మాట ఇచ్చి తప్పాను.

ఆ ఆశ్రమాన్ని చూసుకున్నది రాహేలమ్మ గారు. పిల్లలకూ నాకూ కూడా ఆంటీ. పోయిన వేసవిలో కన్నుమూశారు. నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది. బీఈడీ చదివే రోజుల్లో, ఆదివారాలు పిల్లలకు ఇంగ్లీషు చెప్తానని వెళ్తే, ఆవిడ నన్ను ఎగాదిగా చూసి చేతిలో పేల దువ్వెన పెట్టారు. "ఇంగ్లీషు తర్వాత చెబుదువుగాని టీచరమ్మా. ముందు తలల సంగతి చూడు, చర్చికి టైమవుతోంది." పిల్లల తలరాతలు మారుద్దామని వెళ్లినదాన్ని తలల దగ్గరే ఆగిపోయాను. మూడో వారానికి వాళ్ల పేలు నాకొచ్చాయి; నా ఇంగ్లీషు మాత్రం వాళ్లకు రాలేదు.

ఆవిడకొక పద్ధతి ఉండేది. సాయానికొచ్చిన వాళ్లెవరైనా, మానేసే ముందు తాము చేసే పని పిల్లలకు నేర్పి మరీ వెళ్లాలి. "నువ్వెళ్లాక పని ఆగిందనుకో, నువ్వు చేసింది సాయం కాదమ్మాయ్" అనేవారు. నందిగామ బడిలో ఉద్యోగం రాగానే నేనూ పిల్లలందరికీ జడ వేసుకోవడం నేర్పాను. ఎనిమిదేళ్ల మహిమకు తప్ప. నా ముందు తప్ప ఎవరి ముందూ తల వంచని పిల్ల అది. "నీకు నేనే వచ్చి వేస్తా. ఎవరి చేతా వేయించుకోకు" అన్నాను. అప్పుడది ప్రేమే అనుకున్నాను. నాకోసం ఒక్కరైనా ఎదురుచూడాలన్న ఆశ అని తర్వాత తెలిసింది.

వెళ్లలేదు. మొదట కొత్త ఉద్యోగం, ఆదివారం క్లాసులు. నెల తిరక్కుండా ఆంటీ ఫోన్ చేశారు. "మహిమ ఎవరికీ తల ఇవ్వట్లేదమ్మాయ్. నీకేమన్నా తెలుసా?"

"తెలీదాంటీ" అన్నాను. ఆ అబద్ధం తర్వాత ఆవిడకు మొహం చూపించలేకపోయాను.

ఆశ్రమం వరండాలో మహిమ ఒక చిన్నపిల్లకు జడ వేస్తోంది. తన రెండు జడలూ నున్నగా, బిగువుగా ఉన్నాయి.

"నీకెవరు వేశారే?"

"నేనే అక్కా. ఆంటీ నేర్పింది." చేతులు ఆపకుండానే చెప్పుకుపోయింది. "మీరొస్తారని ఆగా. తలంతా చిక్కులు పడిపోయింది. కత్తిరించేస్తారని ఏడ్చా. ఆంటీ ఏం తిట్టలా. నా ముందు కూర్చుని, 'నా తల నీకిచ్చా, వెయ్యి' అంది. ఆంటీ జడ ఎలకతోకంతే కదా, జారిపోయేది. రోజూ ఊడదీసి మళ్లీ వేయించుకునేది. ఆ వంకర జడతోనే చర్చికొచ్చేది. నాకొచ్చేశాక నా చిక్కులు నేనే తీసుకున్నా."

అడగక తప్పలేదు. "నన్నేమన్నా అందా?"

"అంది. 'మీ అక్క అందరికీ నేర్పి నీ సంగతి మర్చిపోయింది. మతిమరుపు మనిషి, ఏమనుకోకు' అంది. మర్చిపోయారు కదా?"

నా తప్పును ఆంటీ మతిమరుపు కింద మాఫీ చేసి వెళ్లారు. దాని వెనకే దాక్కోవచ్చు.

"మర్చిపోలా మహిమా. కావాలనే నేర్పలేదు. నువ్వు నాకోసం చూడాలని."

మహిమ చేతులు ఆగాయి. తలెత్తి నన్ను చూసింది. "చూశా లెండి" అంది. "తర్వాత పనుల్లో పడిపోయా."

పక్కనున్న పిల్లలు కిసుక్కుమన్నారు. నాకూ నవ్వొచ్చింది, కళ్లు తుడుచుకుంటూనే. నన్ను అవసరం లేని మనిషిని చేసినందుకు ఆంటీకి దణ్ణం పెట్టుకున్నాను. సాయంత్రం బయల్దేరుతుంటే పిల్లలు ఆటలోంచే చేతులూపారు. గేటు దాకా ఎవరూ రాలేదు. అంత తేలిగ్గా ఆ గేటు ఎప్పుడూ దాటలేదు.

ఇప్పుడు మా బడిలో ఏ పిల్లైనా "మీరు చెప్తేనే అర్థమవుద్ది టీచర్" అంటే మునుపటిలా పొంగిపోను. సుద్దముక్క ఆ పిల్ల చేతికిచ్చి, వెనక బెంచీలో కూర్చుంటాను.